నిమ్మకాయంత

పోపు చిటపటలాడగానే వసుధ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని బాత్రూంలోకి పరుగెత్తింది. తలుపు వేసుకుంది. కుళాయి పూర్తిగా తిప్పింది. రెండుసార్లు గట్టిగా ఓకరించింది. మూడోసారి కొంచెం తగ్గించి, అందులో నీరసం కూడా కలిపింది.

తర్వాత బోర్లించిన బకెట్ మీద కూర్చుని యాభై దాకా లెక్కపెట్టింది. నిజంగా వాంతులయిన రోజుల్లో సరిగ్గా ఇంతసేపే పట్టేది.

ఇప్పుడు రావు. కడుపులో ఏమీ లేదు. మూడు వారాలైంది.

పెళ్లయిన ఏడేళ్లకు వచ్చిన కడుపు. ఆ సంగతి తెలిసిన రోజు అత్తగారు సుమిత్ర ఏడవలేదు, నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి, ఎందుకో, ఉన్న డబ్బాలన్నీ దింపి కడిగింది. ఆ తర్వాత నిషేధాలు మొదలుపెట్టింది. బొప్పాయి వద్దు. అనాసపండు వద్దు. ఎంఎంటీఎస్ రైలు ఎక్కొద్దు. ఎదురింటి మేబెల్ వాళ్ల కుక్కను ముట్టుకోవద్దు. మూడో నెల దాటేదాకా బయట ఒక్కరికీ చెప్పొద్దు. "ఇంక శానా ఉన్నయి, యాదికొచ్చినప్పుడు చెప్త," అంది.

అన్నీ గుర్తుకురాక ముందే, తొమ్మిదో వారంలో పోయింది. ఆ రెండు రోజులూ సుమిత్ర నేరేడ్‌మెట్‌లో చెల్లెలి ఇంట్లో ఉంది. భర్త వేణుమాధవ్ వసుధను ఆటోలో నర్సింగ్ హోంకు తీసుకెళ్లి, సాయంత్రానికి పద్మారావు నగర్‌లోని ఇంటికి తెచ్చాడు. మళ్లీ ఎప్పుడని అడిగితే డాక్టరమ్మ ఫైలు వైపు చూస్తూ "చూద్దాం" అంది. ఆ "చూద్దాం"లో చూడటానికి ఏమీ ఉన్నట్టు లేదు.

ఏడవడానికి కూడా వీలు చిక్కలేదు. సుమిత్ర గుండెకు స్టెంట్ వేసి రెండు నెలలే. మనసుకు దెబ్బ తగిలే మాటేదీ ఆవిడ చెవిన వేయొద్దని గుండె డాక్టరు గట్టిగా చెప్పాడు. "మళ్ల చెకప్ అయ్యేదాక అమ్మకు చెప్పకు వసూ," అని వేణుమాధవ్ చేతులు పట్టుకున్నాడు. మర్నాడు కాజీపేటలో డ్యూటీకి రైలెక్కేశాడు. ఇంట్లో నటించే డ్యూటీ వసుధకు మిగిలింది. బయట ఎవరికీ తెలియదు కాబట్టి ప్రేక్షకురాలు ఒక్కతే. అదొక్కటే సుఖం.

చెల్లెలి ఇంటి నుంచి తిరిగొచ్చిన రోజు సుమిత్ర సంచీ కింద పెట్టి, దండెం మీద ఆరుతున్న దుప్పటి తీసింది. మడిచి బీరువాలో పెట్టింది. ఏమీ అడగలేదు. బతికిపోయాననుకుంది వసుధ.

ఫోనులోని బిడ్డ మాత్రం ఆరోగ్యంగా పెరుగుతోంది. వసుధ దింపుకున్న గర్భిణుల యాప్, బిడ్డ ఆ వారం ఎంతుందో చూపడానికి, ప్రతి సోమవారం ఒక పండు బొమ్మ పంపుతుంది. అసలు బిడ్డ ద్రాక్షపండంత ఉండగా ఆగిపోయిందని దానికి ఎవరూ చెప్పలేదు. అది అంజీరపండు దాటి, ఇవాళ పొద్దున్నే నిమ్మకాయకు చేరింది. తీసేద్దామంటే, "ఇయ్యాల ఏం పండు?" అని అత్తగారు అడుగుతుందని భయం. నయం, ఆవిడకు ఈమధ్య మతిమరుపు. మూడు సోమవారాలుగా అడగలేదు. స్కానుకు తానూ వస్తానని పట్టుబట్టిన మనిషి ఆ మాటే ఎత్తడం లేదు. వయసు మీద పడుతోందని వసుధ జాలిపడింది.

మతిమరుపు వంటింటి దాకా రాలేదు. అన్నంలో మొదటి ముద్ద వెల్లుల్లి కారంతో. మధ్యాహ్నం నడుము కింద వేడినీళ్ల సంచి. పొద్దునొకటి, సాయంత్రమొకటి నువ్వులుండ. బెల్లంతో దంచి సుమిత్ర స్వయంగా చుడుతుంది, సరిగ్గా నిమ్మకాయంత. వసుధ హాస్టళ్లలో పెరిగిన పిల్ల. తల్లి ముఖం గుర్తులేదు. కడుపుతో ఉన్నవాళ్లు ఏం తినాలో ఎం.కాం.లో చెప్పలేదు. పెట్టింది పెట్టినట్టు తింటోంది. ఏది తిన్నా లేని బిడ్డ వాటా తింటున్నట్టే ఉంటుంది.

"వసూ," తలుపవతల నుంచి సుమిత్ర పిలిచింది. "చాలు తీ బిడ్డా. గొంతు నొస్తది."

వసుధ ముఖం కడుక్కుని, ఆ ముఖాన్ని తగినంత వాడ్చుకుని బయటికొచ్చింది. సుమిత్ర తువ్వాలు అందించి, జెరసేపు పడుకోమంది. ఆవిడ కళ్లలో ఆశ కనబడుతుందని వసుధ ఆ కళ్లవైపు చూడటం ఎప్పుడో మానేసింది.

అత్తగారి గుండె చెకప్ శుక్రవారం. ఆ తర్వాత చెప్పాలి. ఎలా చెప్పాలో రోజూ కుళాయి చప్పుడులో వల్లె వేస్తోంది. ఏ మాటతో మొదలుపెట్టినా, చివరికి అత్తగారు గుండె పట్టుకుని కూలబడుతోంది.

సుమిత్ర స్నానానికి వెళ్లింది. డబ్బాలో ఇంకా ఎనిమిది ఉండలున్నాయి. కింది వాటాలో పుష్పమ్మ కోడలికి నాలుగో నెల. అందరికీ తెలిసిన, దాచాల్సిన పనిలేని నాలుగో నెల. తినాల్సిన మనిషి తింటే కనీసం ఆ నువ్వులకైనా న్యాయం జరుగుతుందనుకుంది వసుధ. డబ్బా చున్నీ చాటున పట్టుకుని మెట్లు దిగింది.

పుష్పమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మూత తెరిచి చూసి, డబ్బాను వెనక్కి జరిపింది.

"గివి మా పిల్లకొద్దు బిడ్డా. నువ్వులు వేడి. కడుపు పోయినోళ్లకు పెడ్తరు, బాలింతలకు పెడ్తరు. కడుపుతోని ఉన్నోళ్లకు ఎవరన్న పెడ్తరా?"

వసుధ మూత పెట్టి, మళ్లీ తీసి ఉండలవైపు చూసింది.

"అట్లని ఎవరు చెప్పిన్రు ఆంటీ?"

పుష్పమ్మ ఇంకో ఈనె లాగింది.

"ఎవరేందీ, మీ అత్తనే, మొన్న మా కోడలు నువ్వులుండ కొరకబోతుంటే ఉరికొచ్చి చేతులకెళ్లి గుంజుకున్నది."