ఎడమ దారి

“కుడివైపు తిరగండి,” అంది ఫోన్‌లోని గొంతు.

మారిట్ వ్యాన్‌ని ఎడమకి తిప్పింది.

“ఏమే, చెవులు పనిచేయడం లేదా? ఆవిడ కుడి అని మొత్తుకుంటోంది!” వెనక సీట్లోంచి అరిచింది తోరున్.

“విన్నాన్లే. నాకు ఆ సరస్సు చూడాలనుంది.”

తోరున్‌కి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత పకపకా నవ్వింది. “ఒరేయ్ ఒడ్వార్, చూశావా? ఈసారి నీ సాయం లేకుండానే దారి తప్పాం!”

మారిట్ పక్కన కూర్చున్న ఒడ్వార్ కూడా నవ్వాడు. నలభై మూడేళ్లుగా ఈ ఎగతాళికి నవ్వుతూనే ఉన్నాడు.

అప్పుడు నలుగురు: ఈ ముగ్గురూ, ఎయిలిఫూ. ఎయిలిఫ్ వాళ్ల నాన్న రొట్టెలు పంచే వ్యాన్‌లో పరుపులు పరుచుకుని, ఆ ఆగస్టంతా నార్వే ఉత్తర కొసనున్న ఫిన్‌మార్క్ చుట్టేశారు. వ్యాన్ దిగేదాకా బట్టలకి రొట్టెల వాసన పోలేదు. ఆఖరికి ఓడరేవున్న హామర్‌ఫెస్ట్‌కి బయల్దేరారు. మర్నాడు సాయంత్రం అక్కడ మారిట్ ఓడెక్కాలి. ఎక్కడో దక్షిణాన బెర్గెన్‌లో నర్సు ఉద్యోగం. మళ్లీ నలుగురూ ఎప్పుడు కలుస్తారో ఎవరికీ తెలియదు.

ఎయిలిఫ్ నడుపుతున్నాడు. ఒడ్వార్ ఒళ్లో పటం.

“ఓడ రేపు సాయంత్రమే కదా?” అని ఒడ్వార్ ఆ పొద్దున మూడోసారి అడిగాడు.

“నా ఓడ గురించి నాకంటే నీకే కంగారు,” అని మారిట్ విసుక్కుంది.

దారి చీలిన చోట ఒడ్వార్ “ఎడమకి” అన్నాడు. పటం అతని దగ్గరే ఉంది కదా అని ఎయిలిఫ్ మరో ఆలోచన లేకుండా తిప్పేశాడు. ముప్పై కిలోమీటర్లు పోయాక ఆ మట్టిరోడ్డు ఒక సరస్సు ఒడ్డున అయిపోయింది. వెనక్కి తిప్పబోతే చక్రాలు బురదలో దిగబడి ఇరుసు విరిగింది.

“తప్పు నాది. ట్రాక్టర్ నేనే తెస్తాను,” అని ఒడ్వార్ ఒక్కడే నడిచి వెళ్లాడు. ఎంత చెప్పినా తోడు రానివ్వలేదు.

మిగిలిన ముగ్గురూ ఎండు రొట్టె, గోధుమరంగు చీజు, పట్టిన చేపలతో కాలక్షేపం చేశారు. తోరున్‌కి జ్వరం వచ్చి వ్యాన్‌లోనే పడుకుంది. అప్పటిదాకా ఎయిలిఫ్ గురించి మారిట్‌కి తెలిసినవి రెండే. బిగ్గరగా నవ్వుతాడు, అంట్లు కడగడు. సరస్సు ఒడ్డున ఊసుపోక కబుర్లు మొదలుపెడితే, వాళ్ల అమ్మ పోయిన రోజు గురించి చెప్పాడు. అతని గొంతు అంత మెల్లగా ఉండగలదని ఆమెకి అప్పుడే తెలిసింది.

నాలుగోనాడు, దోమకాట్లతో మొహం వాచిపోయి, ఒడ్వార్ ట్రాక్టర్ మీద వచ్చాడు. మారిట్ ఎక్కాల్సిన ఓడ అప్పటికే వెళ్లిపోయింది. ఒడ్డున బండ మీద మారిట్ చెయ్యి ఎయిలిఫ్ చేతిలో ఉంది. ఒడ్వార్ ట్రాక్టర్ దిగి, తాడు విప్పడం మొదలుపెట్టాడు.

మరుసటి వేసవిలో మారిట్‌కీ ఎయిలిఫ్‌కీ పెళ్లి. విందులో ఎయిలిఫ్ గ్లాసెత్తి, “పటం చదవడం రాని మా ఒడ్వార్‌కి!” అన్నాడు. ఒక దిక్సూచి బహుమతిగా ఇచ్చాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ ఒడ్వారే తర్వాత ముప్పై నాలుగేళ్లు బడిలో భూగోళం చెప్పాడు. ఆ ముక్క తోరున్ ఎక్కడికెళ్లినా చెప్పి నవ్విస్తుంది. ఒడ్వార్ పెళ్లి చేసుకోలేదు. ప్రతి ఈస్టర్‌కీ మారిట్ ఇంటికొచ్చి పిల్లలకి మంచు మీద జారడం నేర్పేవాడు.

రెండు చలికాలాల కిందట ఎయిలిఫ్ పోయాడు.

సరస్సు అలాగే ఉంది. తోరున్ బకెట్ పుచ్చుకుని, బురదనేలలో కాసే మల్టె పళ్ల కోసం బయల్దేరింది. “మీరిద్దరూ తప్పిపోకండి!” అని వెళ్తూ వెళ్తూ కూడా ఒకటి విసిరింది.

మారిట్ రెండు కప్పుల్లో కాఫీ పోసి ఒడ్వార్ పక్కన కూర్చుంది.

“ఎయిలిఫ్ ఆస్పత్రిలో ఒక మాట అన్నాడు. చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.”

“ఏమన్నాడు?”

“‘ఒడ్వార్‌ని జన్మంతా ఏడిపించాం. ఒక్కసారి కూడా సరిగ్గా థాంక్స్ చెప్పలేదు. నువ్వైనా చెప్పు’ అన్నాడు.” ఆమె అతనివైపు తిరిగింది. “నీ పొరపాటు వల్లే నాకు నలభై ఏళ్ల కాపురం దొరికింది. పిల్లలు, ఇల్లు, అన్నీ. చాలా థాంక్స్, ఒడ్వార్.”

అతను కప్పు కింద పెట్టాడు.

“మీరు సంతోషంగా ఉన్నారు కదా. అది చాలు.”

“ఉన్నాం. చాలా.”

మారిట్‌కి నవ్వొచ్చింది.

“అయినా ఇందాక చూశాను. మలుపు దగ్గర బోర్డు అప్పటిలాగే మనిషంత ఉంది, ‘హామర్‌ఫెస్ట్, కుడికి’ అని. తోరున్ దూరంగానే ఉందిలే, వినపడదు. నిజం చెప్పు. అంత పెద్ద బోర్డు పెట్టుకుని, ఎడమకి ఎందుకు తిప్పమన్నావు?”

ఒడ్వార్ అవతలి ఒడ్డునుంచి చూపు తిప్పి, మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

“నువ్వు వెళ్లిపోకూడదని.”