నిరోష చేతి వంకాయ

"ముందుగాల ఏమేస్తవ్ బిడ్డా?"

సిరిసిల్ల నుంచి తెచ్చిన లేత వంకాయలు ఒళ్లో పెట్టుకుని, చంద్రావతమ్మ పొయ్యి పక్కనే స్టూలు వేసుకు కూర్చుంది. ముందు ఏం వేస్తారో నిరోషకు తెలిస్తే కదా.

హైదరాబాద్‌లో మైత్రీవనం వెనక గల్లీలో ఆ ఇంట్లో ఉండేది ముగ్గురమ్మాయిలు. సరుకులు అందరివీ కలిపే. వంట నిరోషది, ఊడ్వడం తుడవడం చంద్రావతమ్మ కూతురు హైందవిది, గిన్నెలు సుష్మితవి. నిరోష అన్నం మాత్రం నిజంగానే వండుతుంది. కూరలు గల్లీ చివరి కర్రీ పాయింట్‌లో కొని, కడాయిలో పోసి వేడిచేసి, కవర్లు ఎవరి కంటా పడకుండా పారేసి వస్తుంది. ఆదివారం ఆ షాపు ఉండదు కాబట్టి ప్రతి ఆదివారం ఆమెకు తలనొప్పి వస్తుంది.

ఇవాళ ఆదివారం.

"మా పిల్ల ఇంట్ల వంకాయ ముట్టకపోయేది. నీ కూర తినే జర ఒళ్లు చేసింది. నాకు సుత నేర్పియ్యి."

"ఆంటీ, అంత దూరం నుంచి వచ్చిండ్రు. జర సేపు పండుకోండి."

"బస్సుల పండుకున్న గదా." చంద్రావతమ్మ మసాలా ప్యాకెట్ అందుకుంది. "గిది చింపనే లేదు. ఉల్లిగడ్డలు మొలకలొచ్చినయ్. మరి దేంతోని చేస్తున్నవ్ బిడ్డా?"

గుమ్మంలో నిలబడ్డ హైందవి కూడా అనుమానంగా చూసింది. ఆ ఇంట్లో నిరోషకున్న మర్యాదంతా ఆ కూరలతో వచ్చిందే. ఇక దాచి లాభం లేదని, నిజం చెప్పడానికి నోరు తెరిచింది.

"ఇయ్యాల నేను చేస్త అక్కా," సింకు దగ్గర చేతులు తుడుచుకుంటూ అంది సుష్మిత. "నువ్వు చేసేది రోజు చూస్తనే ఉన్న గదా. తప్పయితే చెప్పు."

"నీకు చాయ్ పెట్టుడే రాదు గదనే," హైందవి నవ్వింది.

నిరోషకు ఏమీ అర్థం కాలేదు. పక్కకు మాత్రం చప్పున జరిగింది.

సుష్మిత పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి ముద్ద నూరింది. వంకాయల్లో కూరి, నూనెలో మగ్గనిచ్చి, చింతపండు పులుసు పోసి మూతపెట్టింది. చంద్రావతమ్మ ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది.

హైందవి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. "అమ్మా, గిదే. అచ్చం నిరోష చేతి కూర."

"మంచిగ నేర్పినవ్ బిడ్డా," అంటూ చంద్రావతమ్మ నిరోష వీపు నిమిరింది. గుండె మీద బరువంతా దిగిపోయి, నిరోషకు ఏడుపొచ్చినంత పనైంది.

భోజనాలయ్యాక వంటింటి తలుపు దగ్గరగా వేసి, నిరోష సుష్మిత చెయ్యి పట్టుకుంది.

"నా ఇజ్జత్ కాపాడినవే. నిజం చెప్తున్న, నేను ఒక్క దినం సుత కూర వండలే."

"తెలుసక్కా."

"మరి గదే రుచి నీకెట్లొచ్చింది?"

సుష్మిత ఎంగిలి గిన్నెలు సింకులో వేసుకుంది.

"పొద్దుగాల కోచింగని చెప్పి నేను పోయేది గా కర్రీ పాయింట్‌ల వండనీకే. చెప్తే ఇంట్ల వంట సుత నా మీదనే పెడ్తరని ఊకున్న."