నలభై మూడుసార్లు

"రెండు నెలల్ల నలభై మూడుసార్లా చాచా!" వకీలు మెహ్‌జబీన్ కలం బల్ల మీద పడేసింది. "అన్ని బండ్లు పోతాంటే మిమ్మల్నే ఆపుడేంది? టోపీ చూసి, గడ్డం చూసేగా?"

గౌస్ పాషా తల వంచుకున్నాడు. కాశిబుగ్గలో నేసిన జంపఖానాలను మోపెడ్ మీద హనుమకొండ దుకాణాలకు చేరవేయడం ఆయన పని. దారిలో చెక్‌పోస్టు కనబడిందంటే చాలు, బండి నెమ్మది చేసేవాడు.

"వేరే దారి లేదా?"

"ఉన్నదమ్మా. అటు పోబుద్ధి కాదు."

"ఆపి ఏమడుగుతరు?"

"మొదలు పేరు. ఇగ ఇంట్ల ఎవరున్నరు, ఎవరొచ్చి పోతాండ్రు, ఖతీజాబీ దవాఖానకు ఎందుకు పోయింది... అన్నీ."

"మీ ఇంటామె దవాఖానకు పోతే వాళ్లకేంది? మీ మీద కోపమేమన్న ఉన్నదా?"

"ఉన్నది. మూడేండ్ల కింద నోరు జారిన. తప్పు నాదే."

"పోలీసోళ్లతోని నోరు జారితిరా! ఖర్మ!"

గౌస్ పాషా మనసు ఇంటి మీదికి పోయింది. సాయంత్రం ఇల్లు చేరగానే ఖతీజాబీ గడపలోనే ఎదురొస్తుంది. ఇవాళ ఆపారా, ఎంతసేపు నిలబెట్టారు, ఏమన్నారు అని గుచ్చి గుచ్చి అడుగుతుంది. అడిగి కళ్లు తుడుచుకుంటుంది, పిచ్చితల్లి.

"రాజ్యాంగం అందరికీ ఒక్కటే చాచా. కారణం చెప్పకుండ ఆపుడు చెల్లదని హైకోర్టుల పిటిషన్ వేస్తాన. మీ అసుంటోళ్లు ఇంక పదకొండు మంది ఉన్నరు. అందర్ల మిమ్మల్నే ఎక్కువసార్లు ఆపిండ్రు. మీరు లేకుంటే కేసు నిలవది."

"గెలిస్తే?"

"రేపటి సంది మిమ్మల్ని ఎవ్వరూ ఆపరు."

"ఎవ్వరూనా?"

"ఎవ్వరూ!"

ఆయన మనసు దిగాలుపడిపోయింది. లేచి వెళ్లిపోదామనుకున్నాడు. కానీ ఆ పదకొండు మందీ రోజూ పడే అవమానం తన కళ్లతో చూసిందే. కాగితం దగ్గరికి లాక్కుని, సంతకం పెట్టేశాడు.

"శాబాష్ చాచా! ఇగ మిమ్మల్ని ఆపే కానిస్టేబుల్ పేరేంది?"

"తౌసీఫ్."

మెహ్‌జబీన్ తెల్లబోయింది. "మనోడా? ఆ పేరు మీకెట్ల తెలుసు, బ్యాడ్జి మీద చదివిండ్రా?"

"ఆ పేరు పెట్టింది నేనేనమ్మా."