సాబ్ అడుగు

"మళ్ళా నెట్టుకే!" యోగేశ్ సర్ నెత్తి కొట్టుకున్నాడు. "బుట్టెడు బాల్స్ అయిపోయినయి. ఒక్కటన్న అవతల పడ్డదా శ్రద్ధా?"

సర్‌కు మాట మరాఠీలో మొదలైనా కోపం మాత్రం తెలుగులోనే వస్తుంది. వాళ్లమ్మది తెలంగాణ అంచున ఉన్న కిన్వట్ వైపు మరి.

శ్రద్ధ తల వంచుకుని నిలబడింది. తెల్లారితే జిల్లా టెన్నిస్ జట్టు ఎంపిక. ఇస్లాపూర్ నుంచి నాన్న విలాస్ పొద్దున్నే ఫోన్లో తేల్చి చెప్పేశాడు. "ఈసారి పేరు రాకుంటే ఆట బంద్. వచ్చి ఇంట్ల ఉండు." పదిహేడేళ్లొచ్చినా ఆ మాట గుర్తొస్తే చిన్నపిల్లలా ఏడుపొస్తోంది.

"చెయ్యి లేపుతున్నవ్ గని, బరువంత వెనక కాలు మీదనే ఉంటున్నది. ఇటు రా. సాబ్ అడుగు చూడు," అన్నాడు సర్.

నాందేడ్‌లో ఆ కోర్టుకొచ్చే వాళ్లందరికీ తెలిసిన ముచ్చటే అది. ముప్పై ఏళ్ల కింద ఎర్రటి మొరం మట్టి కోర్టు మీద సిమెంటు పోశారు. తడి ఆరకముందే, జనం లేవకముందే, ఎవరో గీత వెనక నిలబడి ఒక సర్వ్ కొట్టిపోయారు. వెనక అడుగు పైపైన అంటింది. ముందున్న ఎడమ అడుగు మునివేళ్ల దగ్గర గిన్నెలా దిగింది. అంత బాగా కొట్టాడంటే పెద్ద ఆఫీసరే అయి ఉంటాడని అప్పుడెవరో అన్నారు. అన్నదే ఖాయమైపోయింది. ఆ గుంటను తాకి కళ్లకద్దుకోకుండా అక్కడ ఎవరూ మ్యాచ్‌కు దిగరు.

"అడుగు చిన్నగుంది గద సర్?"

"పెద్దోళ్ల పాదాలు గట్లనే ఉంటయ్."

"రెండో వేలు కాడ అడ్డంగ ఈ గాడేంది?"

"వేలు విరిగితే పట్టి కట్టుకొని ఆడిండట. గదీ పట్టుదలంటే! నీకుందా?" అనేసి సర్ స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు.

అవతల సుమిత్రాబాయి చీపురు ఆపింది. మొరం కోర్టు నాటి నుంచి అక్కడ ఊడ్చేదీ, నీళ్లు చల్లేదీ ఆమే. చెప్పులు గేటు దగ్గరే విడిచి, కాలి మెట్టెలు గచ్చు మీద టిక్కుటిక్కుమంటుంటే తిరుగుతుంది.

"ఏడుస్తున్నవా బిడ్డా?"

"లేదవ్వా."

"మరి ముక్కెందుకు ఎర్రగయింది? సరే గని, మీ ఊర్ల జొన్నచేన్ల మంచె ఎక్కినవా ఎన్నడన్న?"

"చిన్నప్పుడు. పిట్టల కొట్టనీకి."

"వడిసెల తిప్పి రాయి ఇడిసేటప్పుడు వెనక్కొరిగితే?"

"మంచె ఊగుతది. కింద పడ్తం."

"ఇది గుడ మంచెనే అనుకో. తిప్పేదాంక బరువు వెనక కాలు మీద ఉండనియ్. ఇడిసేటప్పుడు భయపడకుండ ముందటి కాలు మీదికి రావాలె. కొట్టేది చెయ్యి కాదే పిచ్చిదాన, కాలు!"

శ్రద్ధకు నవ్వొచ్చింది. "సాబ్ గుడ గిట్లనే కొట్టెటోడా? నువ్వు చూసినవా?"

సుమిత్రాబాయి మొహం ఒక్కసారి వెలిగింది. "ఆ దినాలే వేరు బిడ్డా. ఈడ పిట్ట కూత తప్ప చప్పుడు లేకుండె. బాల్ అవతల పడితే గోదారి దాంక ఇనిపిస్తదేమో అనిపిస్తుండె. యాదికొస్తే ఇప్పటికీ పానం గుంజుతది."

"మరి ఎందుకు బంద్ పెట్టిండు?"

"పొద్దెక్కితే జనమొస్తరు. ఎవల పని వాళ్లదాయె," అని ఆమె మళ్లీ చీపురందుకుంది.

మర్నాడు అదే కోర్టులో జరిగిన ఎంపికలో శ్రద్ధ మొదటి సర్వ్ నెట్టుకే తగిలింది. రెండోది గీత దాటి బయట పడింది. యోగేశ్ సర్ కళ్లు మూసుకున్నాడు. శ్రద్ధ మాత్రం మంచెను తలచుకుంది, జొన్న కంకులను తలచుకుంది. వెనక కాలు మీద ఊగి, ముందు కాలు మీదికి ఒళ్లంతా వదిలేసింది. బాల్ అవతలి మూలన పడి కంచెకు ఠంగున తగిలింది. ఆ తర్వాత ఒక్కటీ నెట్టు ముట్టలేదు.

జాబితాలో రెండో పేరు ఆమెదే. ఫోన్లో నాన్న "మంచిగ ఆడు బిడ్డా," అన్నాడు.

"అంత సాబ్ దయ!" అని సర్ అందరికీ పేడాలు పంచుతున్నాడు.

శ్రద్ధ పేడా పట్టుకుని ఖాళీ కోర్టులోకి పరుగెత్తింది. సుమిత్రాబాయి గీత వెనక చీపురు పట్టుకుని, అవతలి మూలకే చూస్తూ నిలబడి ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"నువ్వు చెప్పినట్లే కొట్టిన అవ్వా!" అంటూ శ్రద్ధ కాళ్లకు మొక్కడానికి వంగింది.

"వద్దు బిడ్డా, వద్దు," అని ఆమె కంగారుగా వెనక్కి జరగబోయింది.

అవ్వ ఎడమ పాదం, మెట్టెతో సహా, సాబ్ అడుగులో సరిగ్గా కూర్చుంది.