కలకత్తా చీటీ

"పిలిచినప్పుడు నువ్వు పలక్కపోతే మన గతేటి?" అంది అప్పలకొండ, రిక్షా న్యూ సెటిల్‌మెంటు రైల్వే క్వార్టర్ల మలుపు దాటకముందే. "అమ్మా, నిన్నే. చిలకమ్మా అని పిలుస్తారు. ఉన్నానని పలకాల. జోగమ్మనన్నావో, కలకత్తా చీటీ పోద్ది. మీ అల్లుడి నౌకరీ పోద్ది. ఆనక క్వార్టరూ పోద్ది. పిల్లల్ని ఏసుకుని ప్లాట్‌ఫారం మీద పడుకోవాల."

జోగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దూరంగా షంటింగు చేస్తున్న ఇంజను వైపు చూస్తూ కూర్చుంది.

నలభై ఏళ్లు నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగిన నోరు. అంగిట్లో పుండు లేచింది. రైల్వే ఆసుపత్రిలో ముక్క గిల్లి పరీక్షకు పంపితే కేన్సరని తేలింది. కలకత్తా వెళ్లి కరెంటు పెట్టించుకోవాలన్నారు. ఇక్కడి డాక్టరు చీటీ రాసిస్తే వైద్యమూ, రైలు పాసూ ఊరికే వస్తాయి. కాని ఆ చీటీ నౌకరీ చేసేవాడి తల్లికి ఇస్తారు గాని అత్తకు ఇవ్వరు. జోగమ్మ అత్తయింది.

"నా పేరు రాయించండి" అని మొదట అన్నది చిలకమ్మే. జోగమ్మ అల్లుడు జగ్గారావుకు తల్లి, అప్పలకొండకు అత్త. "ఆసుపత్రి కార్డు మీద ఊరికే పడుంది గదా. నాకేటి, రోగమా రొష్టా? వాడుకోండి."

జోగమ్మకు అది మింగుడు పడలేదు. "పిల్లల పెళ్లినాటి నుంచీ కుళాయికాడ నాతో కొట్లాడినదాని పేరు పెట్టుకుని నేను బతకాలా?" అని నెల రోజులు సణిగింది.

"ఏం వదినా, నా పేరు నీకు బిగుతయిపోద్దా?" అని చిలకమ్మ నవ్వేది.

ఆ నవ్వుతోనే తనూ చుట్ట మానేసింది. చేపల పులుసు మానేసి గంజి తాగడం మొదలెట్టింది. "ఎదురుగా ఒకత్తి గంజి తాగుతుంటే నేను పులుసు జుర్రుకుంటే బాగుంటదేటి?" అంది. అత్త అంత మంచిగా ఉంటే అప్పలకొండకు దడ. ఏదో ఒకరోజు ఇదంతా కలిపి దెప్పకపోతుందా అని.

పొద్దున పళ్లు తోముకుంటూ ముసలమ్మలిద్దరూ కుళాయి దగ్గర మళ్లీ ఏదో అనుకున్నట్టున్నారు. అప్పటి నుంచీ జోగమ్మ నోరు విప్పలేదు. ఏం జరిగిందని అడిగితే చిలకమ్మ మొహం తిప్పుకుని, "నువ్వు బేగి రిక్షా ఎక్కించు. పిల్లల్ని నేను సూసుకుంటాను" అంది.

"ఈయేళ కూడా తగువు పడాలేటమ్మా" అంది అప్పలకొండ, ఆసుపత్రి వరండాలో బల్ల మీద తల్లిని కూర్చోబెడుతూ. "నీ పంతం నన్ను ముంచేస్తాది."

పోయినసారి పేర్లు పిలిచింది బెంగాలీ గుమాస్తా. 'ఛిలోకొమ్మా' అంటే ఎవరికీ అర్థం కాలేదు. అప్పలకొండే తల్లిని పొడిచి లేపింది. ఈసారి కాగితాల కట్ట పట్టుకుని గదిలోంచి వచ్చినామె సిస్టర్ దేవమణి. తెలుగు మనిషి. ఉండేది పక్క వీధిలోనే. ఇద్దరు ముసలమ్మలనూ ఎరుగును.

అప్పలకొండ తల మీద కొంగు లాక్కుంది.

"చిలకమ్మ."

జోగమ్మ కదల్లేదు.

"చిలకమ్మ. జగ్గారావు తల్లి."

అప్పలకొండ తల్లిని మోచేత్తో పొడిచింది. మూడోసారి పిలిచాక దేవమణి వాళ్ల ముందుకే వచ్చి నిలబడింది. కార్డు చూసింది. జోగమ్మను చూసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"చీటీ రాసేసి ఉంది. కార్డులో చిలకమ్మ అని ఉంది. ఈమేనా?"

"ఈమే సిస్టరుగారూ. నోరు నొప్పి, అందుకే..."

"నువ్వు చెప్పకు కొండా. ఆమె ఒక్కమాట, ఔనంటే చాలు. చీటీ చేతిలో పెట్టేస్తాను. నాకింకేమీ తెలీదు."

పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. వర్క్‌షాపు సైరను కూసి ఆగిపోయింది. అప్పలకొండ మనసులో అప్పటికే క్వార్టరు ఖాళీ అయింది, సామాను వీధిలో పడింది, తల్లిని పాడె మీద కట్టారు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. మా అత్త మీద కోపం ఇంటికెళ్లినాక తీర్సుకో. ఒక్కసారి ఊఁ అను."

జోగమ్మ దేవమణి చేతిలోని చీటీ వైపు చూసింది. పొద్దుటి నుంచీ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

"నాను జోగమ్మని తల్లీ" అంది. "చిలకమ్మ ఇంటికాడుంది. పొద్దున్న కుళాయికాడ ఉమ్మితే రగతం పడింది. నోరు తెరిపించి సూసినాను. దాని పుండు నా పుండు కంటే పెద్దది. దాని పేరు దానికి గావాల."