వాల్టర్ బీమన్ కోసం ప్రార్థన

"అయ్యో అయ్యో, ఎంతెంత మాటలన్నాడమ్మా వీడు!" అంటూ కరుణమ్మ పేపరు పట్టుకుని లోపలికొచ్చింది. ఆస్పత్రిలో నర్సు, తెలుగు చర్చిలో పెద్దదిక్కు. కోపమొస్తే ఆగదు.

"ఏమైంది ఆంటీ?" అంది దేవకుమారి, టీ కలుపుతూ.

అది 1982, అమెరికాలో నేపర్‌విల్ అనే ఊరు. దేవకుమారికి నలభై దాటాయి. ఆర్కెస్ట్రాలకి సంగీతం రాస్తుంది. సినిమా పాటలు కాదు, చర్చి పాటలూ కాదు. అరవై మంది వయొలిన్లూ బాకాలూ పట్టుకుని కూర్చుని వాయించే సంగీతం. ఏం చేస్తుంటావమ్మా అని ఎవరైనా అడిగితే ముందు అదే చెబుతుంది. వాళ్ల మొహాలు చూసి, "పిల్లలకి పియానో నేర్పుతానండీ" అని ముగిస్తుంది. అదీ అబద్ధం కాదు, కూడు పెట్టేది అదే. పెళ్లి చేసుకోలేదు. చేసుకోమని పోరే అమ్మానాన్నలూ పోయారు.

మూడేళ్లు కూర్చుని ఒక సింఫనీ రాసింది. మార్చిలో ఊరి ఆర్కెస్ట్రా వాయించింది. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. ఉన్నవాళ్లు మర్యాదగా చప్పట్లు కొట్టి, కోట్లు తొడుక్కుని వెళ్లిపోయారు. పేపర్లో ఒక్క ముక్క రాలేదు. రెండు వారాలు ఎవరూ ఫోన్ చేయలేదు. పాడైందేమోనని రిసీవర్ ఎత్తి చూసింది. లక్షణంగా పనిచేస్తోంది.

ఈ వృత్తిలో ఒక దరిద్రం ఉంది. కొత్త సంగీతాన్ని మొదటిసారి ఎవరో ఒకరు వాయిస్తారు. 'ప్రపంచంలోనే మొట్టమొదటిసారి' అని పోస్టరు మీద వేసుకోవచ్చు కదా! రెండోసారి మాత్రం ఎవడూ వాయించడు. ఇక అది అటకెక్కినట్టే. దేవకుమారివి అప్పటికే నాలుగు అటకెక్కాయి. ఇది ఎక్కకూడదు. ఎక్కితే మళ్లీ కలం పట్టే ఓపిక తనకి లేదు.

మూడో వారం, పాఠకుల ఉత్తరాల్లో ఇదిగో, ఇది పడింది. కరుణమ్మ కళ్లజోడు సర్దుకుని, ఇంగ్లిష్‌ని తెలుగు చేసుకుంటూ చదివింది.

"'నలభై నిమిషాలు! అందులో సగం ఊరికే ఏడుపు. ఏడో నిమిషంలో ఆ వయొలిన్లు ఎందుకు అంతగా ఏడుస్తున్నాయో రాసినావిడకైనా తెలుసా?' విన్నావా?"

"ఏడు కాదాంటీ, పదకొండు. అచ్చుతప్పు."

"అచ్చుతప్పులు చూసే వేళా ఇది? నిన్ను నిలువునా దులిపేశాడే తల్లీ! ఎవడీ వాల్టర్ బీమన్? పేపరాఫీసుకి ఫోన్ చేశాను. పోస్టాఫీసులో బాక్సు నంబరు తప్ప వాళ్లకీ ఏం తెలీదట."

"పోనీలెండి. ఈ ఊళ్లో నా సంగీతాన్ని శ్రద్ధగా విన్నది ఆయనొక్కడే."

ఆ మాటతో దేవకుమారికి నిజంగానే ఏడుపొచ్చింది. కరుణమ్మ దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. చాలా రోజులైంది ఆమెని ఎవరైనా అలా పట్టుకుని.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు కరుణమ్మే ముందు లేచింది. "మన దేవకుమారిని క్షోభ పెడుతున్న వాల్టర్ బీమన్ మనసు ప్రభువు మార్చాలి!" అంది. పాస్టరు జోసఫ్ గారు ఆ పేరు మూడుసార్లు పలికి మరీ ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. దేవకుమారి తలెత్తలేదు.

ప్రార్థన ఫలించలేదు సరికదా, ఇంకో ఉత్తరం వచ్చింది. మొదటిదానికన్నా ఘాటు. ఒక బ్యాండు మాస్టారు ఒళ్లు మండి జవాబు రాశాడు. ఒక పళ్ల డాక్టరు వాల్టర్‌ని వెనకేసుకొచ్చాడు. వాల్టర్ మూడో ఉత్తరం వచ్చేసరికి అసలు ఆ సంగీతం వినని వాళ్లు కూడా కొట్టుకోవడం మొదలెట్టారు.

ఆర్కెస్ట్రా మేనేజరు ఫోన్ చేశాడు. "అక్టోబర్‌లో మళ్లీ వాయిస్తున్నాం. మంచిదో చెడ్డదో ఊరే తేల్చుకుంటుంది. ఆ వాల్టర్‌కి ముందు వరసలో సీటు పంపిస్తున్నాం. దమ్ముంటే రానీ!"

అక్టోబర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం. హాల్లో కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. చర్చి వాళ్లందర్నీ వెంటేసుకొచ్చి కరుణమ్మ రెండో వరసలో కూర్చుంది. ఆవిడ చూపంతా ముందున్న ఆ ఒక్క కుర్చీ మీదే. నలభై నిమిషాలూ అది ఖాళీగానే ఉంది.

సంగీతం ఆగింది. తర్వాత హాలు హాలంతా లేచి నిలబడింది.

"రాలేదు చూశావా, పిరికి సన్నాసి!" అంది కరుణమ్మ పక్కావిడతో, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొడుతూ.

ఆ మూడు ఉత్తరాలూ వంటింటి బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని టైపు చేసుకున్న మనిషి ఆ సమయానికి స్టేజి మీద నిలబడి, తన సింఫనీకి పడుతున్న చప్పట్లకి వంగి దణ్ణం పెడుతోంది.