పక్క సీటు మనిషి

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను. రాత నిదానం, ఒత్తులు తప్పిపోతుంటాయి. చదివేవాళ్లు మన్నించి సర్దుకోవాలి.

మహబూబ్‌నగర్‌లో టూరు బస్సు కదలకముందే బిక్షమ్మ సీటు మార్పించుకున్నది. మొగవాళ్ల పక్కన కూర్చోలేనని గైడు జాషువాను బతిమాలి, కొత్తకోట నుంచి వచ్చిన బాలనర్సమ్మ పక్కన చేరింది. చెప్పిన కారణం అబద్ధం. ముప్పై ఏళ్లు బొంబాయిలో మొగవాళ్ల మధ్య ఇటుకలు మోసిన మనిషికి ఆ సిగ్గు ఎక్కడిది?

అసలు సంగతి వేరే ఉంది. బాలనర్సమ్మ పెనిమిటి ముప్పై ఏళ్ల కింద కూలికి బొంబాయి పోయి మళ్లీ రాలేదు. అక్కడ బిక్షమ్మతో కాపురం పెట్టాడు. ఊళ్లో ఇల్లాలు ఉందని బిక్షమ్మకు తెలియక కాదు. ఎన్నడూ కదిలించి అడగలేదు. మొన్న మాఘంలో అక్కడి దవాఖానలోనే ఆయన పోయాడు. పోయేముందు, "కొత్తకోటల ఆమెకు జర చెప్పు" అన్నాడు. దినాలు చేసి, సొంతూరు ఆత్మకూరుకు వచ్చిన బిక్షమ్మ రెండుసార్లు కొత్తకోట దాకా పోయింది. ఆ గడప చూసి రెండుసార్లూ వెనక్కి తిరిగింది. బాలనర్సమ్మ ఒక్కరోజు శ్రీశైలం టూరు పోతున్నదని ఆమె పక్కింట్లో విని తనూ టికెటు తీసుకున్నది. బస్సులో ఆమె చుట్టాలుండరు. తను లేచి పారిపోవడానికీ వీలుండదు.

అచ్చంపేట దాటి మన్ననూరు చేరేసరికి ఎండ ఎక్కింది. అక్కడి నుంచి గుట్టలు, అడవి, మలుపు మీద మలుపు. చిరుతపులి కనబడితే అందరినీ లేపుతానని, నిద్రపోయేవాళ్లను మాత్రం అదే వచ్చి లేపుతుందని జాషువా మైకులో చెప్పాడు. అందరూ నవ్వారు. బాలనర్సమ్మ నవ్వుతూనే మూట విప్పి, జొన్నరొట్టె సగం తుంచి, పల్లీల తొక్కు పెట్టి బిక్షమ్మ చేతికిచ్చింది.

"తిను చెల్లె. బక్కగున్నవ్."

బిక్షమ్మ ఆ రొట్టెను కొంగులో చుట్టి పెట్టుకున్నది.

బాలనర్సమ్మ కిటికీలోంచి అడవిని చూస్తూ పాత ముచ్చట ఎత్తుకున్నది. పెళ్లైన ఏడాది శివరాత్రికి ఇదే అడవిలో ఇద్దరూ నడిచి శ్రీశైలం పోయారట. అప్పుడు కాలిబాటే. చెప్పు తెగితే ఆయన తన రుమాలు చింపి ఆమె పాదాలకు కట్టాడట. ఇంట్లో పది మాటలు మాట్లాడని మనిషి ఆ మూడు రోజులు ఆపకుండా మాట్లాడాడట. ఏ చెట్టు ఏ రోగానికి పనికొస్తుందో, పిల్లలు పుడితే ఏం పేర్లు పెట్టాలో. చెప్తుంటే ఆమె ముఖం పదహారేళ్ల పిల్ల ముఖమైంది.

బిక్షమ్మ వింటూ ఉన్నది. బొంబాయిలో ప్రతి శివరాత్రికీ ఆ మనిషి అన్నం ముట్టక, ఎవరినీ దగ్గరికి రానీయక, ఒక్కడే మిద్దె మీద కూర్చునేవాడు. ఎందుకో ఆమెకు ఇన్నేళ్లకు తెలిసింది.

వ్యూపాయింటు దగ్గర అందరూ దిగి కింద కృష్ణను ఫోటోలు తీసుకున్నారు. చెప్పడానికి అదే సమయమని బిక్షమ్మ నోరు తెరవబోయింది. బాలనర్సమ్మే ముందు మాట్లాడింది. ఇవ్వాళ పాతాళగంగలో పుస్తె తీసి నీళ్లలో విడవడానికే వచ్చిందట. పేరంటాలలో బొట్టు పెట్టాలా వద్దా అని ఆడవాళ్లు చేయి ఆపి ఒకరినొకరు చూసుకోవడం ముప్పై ఏళ్లుగా చూసి విసిగిపోయిందట.

"నా పెనిమిటికి బొంబాయి పోయిన యాడాదే ఏదో అయ్యుంటది చెల్లె. బతికుంటే నా కాడికి రాకుండ ఉండేటోడు కాదు."

బిక్షమ్మ వెనక్కి తిరిగి బస్సెక్కింది. చావు చెప్పొచ్చు. రాకుండా ఉన్న ముప్పై ఏళ్లను ఎట్లా చెప్పాలి?

పాతాళగంగ మెట్ల మీద బాలనర్సమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పుస్తెల తాడు పట్టుకున్నది. చేయి ఆగిపోయింది.

"ఒకవేళ యాడనో ఉంటే? ఉన్నోని పుస్తె తీస్తే పాపం గద."

బిక్షమ్మ నీళ్లలోకి దిగింది.

"లేడక్కా. బొంబాయిల మేం పనిచేసిన కాడనే ఉండె. వచ్చిన యాడాదే, కట్టే మిద్దె మీదికెల్లి పడ్డడు. పానం పోయేటప్పుడు నిన్నే యాది చేసిండు."

బాలనర్సమ్మ తాడు వదిలి ఆమె వైపు తిరిగింది.

"ఆయనే అని నీకెట్ల ఎరుక?"

"కొత్తకోట అన్నడు."

"కొత్తకోటోళ్లు శానమంది పోయిండ్రు. పేరేంది?"

బిక్షమ్మ నోరు తెరిచింది. కట్టుకున్నవాడి పేరు ముప్పై ఏళ్లలో ఒక్కసారీ పలకని నోరు అది.

"నువ్వే చెప్పక్కా."

"నేనెట్ల చెప్త? కట్టుకున్నదాన్ని. నీకేం అడ్డం?"

బిక్షమ్మ తల దించుకున్నది. "యాదికొస్తలేదు" అన్నది.

బాలనర్సమ్మ ఆమె వంక చాలాసేపు చూసింది. తర్వాత ఏమీ అడగలేదు. పుస్తె తీసి నీళ్లలో వదిలి, మూడుసార్లు మునిగి, మెట్లెక్కడానికి చేయి అందించమన్నది.

తిరుగు ప్రయాణంలో గుట్టల మీద పొద్దు వాలింది. బాలనర్సమ్మ పక్క భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకున్నది. బిక్షమ్మ ఆ భుజం కదిలించలేదు. తన అబద్ధాన్ని ఆమె నమ్మిందని, ఇక ఆమె మనిషి ఆమెకే మిగిలాడని అనుకున్నది.

ఇది రాసింది బాలనర్సమ్మ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడు ఉండేది ఆత్మకూరులో, బిక్షమ్మ ఇంట్లో.